గడప దాటి కడపకు

మీ వంటింటి గట్టు మీద ఏ బండ ఉంది? గ్రానైటు వేయించుకున్నవాళ్ళ సంగతి వదిలేయండి. మా ఇంట్లో మాత్రం కడప బండే. పెళ్ళయి ఈ ఇంటికి వచ్చి 24 ఏళ్ళు. అప్పటి నుంచీ చపాతీలు వత్తడం, మురుకుల పిండి కలపడం, వడియాల పిండి పిసకడం అంతా ఆ బండ మీదే. నల్లగా, చల్లగా ఎంత ఎండాకాలమైనా హాయిగా ఉంటుంది. ఒక్కటే చిక్కు. నిమ్మరసం గానీ చింతపండు పులుసు గానీ పడి కాసేపు ఉందంటే తెల్లటి మచ్చ పడుతుంది. అది సున్నపురాయి జాతిది, పులుపుకు ఓర్చుకోదు. వెంటనే తడిగుడ్డతో తుడిచేయాలి.

రోజూ ఆ బండ తుడిచే నేను కడప చూడలేదంటే మీరు నవ్వుతారేమో. మాది నంద్యాల. కడప మూడు గంటల దారి. తిరుపతికి పోయినప్పుడల్లా ఆ ఊరి మీదుగానే పోయాం. కానీ ఎప్పుడూ రాత్రి బస్సే. పిల్లలు ఒళ్ళో నిద్రపోతుంటే కిటికీలోంచి బస్టాండు దీపాలు చూడటమే నాకు తెలిసిన కడప.

మొన్న డిసెంబరులో ఆ ముచ్చట తీరింది. ఒక శని, ఆదివారాలు నలుగురు స్నేహితురాళ్ళం కలిసి వెళ్ళొచ్చాం. మగవాళ్ళు లేకుండా, పిల్లలు లేకుండా మేమే!

మేం నలుగురం

ముందు మా జట్టు గురించి చెప్పాలి. ఒకరు టీచరమ్మ. తెలుగు పాఠాలు చెప్పి రిటైరైన పెద్దావిడ. రెండోది ఆపా. మా వీధి చివర టైలరు మిషను పెట్టుకుని రవికలు కుడుతుంది. వాళ్ళమ్మ పుట్టిల్లు కడప. మూడోది మా పక్కింటి వదిన. నాలుగోదాన్ని నేను.

వదిన గురించి ఇంకో మాట చెప్పకపోతే ఈ ప్రయాణం కథ మీకు సగమే అర్థమవుతుంది. ఏడాదిన్నర క్రితం అన్న పోయాడు. కొడుకులిద్దరూ బెంగుళూరులో ఉద్యోగాలు. ఆ పెద్ద ఇంట్లో ఆమె ఒక్కతే. ఇదివరకు వీధిలో ఏ ఇంట్లో పేరంటం జరిగినా పాట ఆమెదే, ఆరతి ఆమెదే. ఇప్పుడు ఎక్కడికీ రాదు. గుడికి కూడా పోదు. ‘ఎవరికన్నా ఎదురైతే బాగుండదులే’ అంటుంది. రావద్దని ఆమెకు ఎవరూ చెప్పలేదు. కానీ రమ్మని కూడా ఎవరూ పిలవలేదు. నిజం చెప్పొద్దూ, కిందటి వరలక్ష్మీ వ్రతానికి నేనూ పిలవలేదు. పిలిస్తే ఆమె ఇబ్బంది పడుతుందేమో అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను.

కడప మాట మొదట ఎత్తింది ఆపానే. రవికలు ఇచ్చిపోవడానికి వచ్చి, ‘బస్సు ఊరికే కదా, ఒకసారి మా అమ్మ పుట్టిన ఊరు చూసొద్దాం పాండి’ అంది. 2025 ఆగస్టు 15 నుంచి మన రాష్ట్రంలో ఆడవాళ్ళకు స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బులు లేవు కదా! ఆధార్ కార్డు చూపిస్తే కండక్టరు సున్నా టికెట్టు కొట్టి ఇస్తాడు. టీచరమ్మ వెంటనే సరేనంది. నేను ఇంట్లో అడిగి చెబుతానన్నాను. వదిన మాత్రం ‘నేనెందుకు, మీరు పోయిరాండి’ అంది. ‘నువ్వు రాకుంటే ఎవురం పోం’ అని ఆపా మొండికేసింది. నాలుగు రోజులు పోరితే గానీ ఒప్పుకోలేదు.

మా ఇంట్లో కూడా చిన్న చర్చే జరిగింది. ‘రెండు దినాలు ఇల్లు ఎవరు చూసుకుంటారు?’ అన్నారు మా అత్తమ్మ. ఆవిడ అడగడంలో తప్పు లేదు. ఇన్నేళ్ళలో పుట్టింటికి తప్ప ఇంకెక్కడికీ నేనొక్కదాన్నే పోలేదు మరి. శుక్రవారం రాత్రికి పులిహోర పులుసు కాచి పెట్టాను. పప్పుల పొడి, బుడ్డల పొడి కొట్టి డబ్బాల్లో పోశాను. దోసె పిండి ఫ్రిజ్‌లో పెట్టి, మా ఆయనకు స్టవ్ దగ్గర చీటీ అంటించాను. మా ఆయన దాన్ని చూసి, ‘పరీక్షకు పోతాండేది నువ్వా, నేనా?’ అన్నాడు.

కాలువతో పాటు దారి

పొద్దున ఆరింటికి ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కాం. శిరివెళ్ళ దాటి, ఆళ్ళగడ్డ చేరేసరికి మంచు ఇంకా విడలేదు. ఆళ్ళగడ్డలో రోడ్డు పక్కనే శిల్పులు విగ్రహాలు చెక్కుతూ కనిపిస్తారు. సగం చెక్కిన వినాయకుడు, ముఖం ఇంకా రాని అమ్మవారు వరసగా నిలబడి ఉంటారు. అహోబిలం పోయేవాళ్ళు ఇక్కడే దిగి పక్కదారి పట్టాలి. ఆ తర్వాత చాగలమర్రి, దువ్వూరు, మైదుకూరు. బ్రహ్మంగారి మఠానికి పోయేవాళ్ళు మైదుకూరులో దిగుతారు.

దారి పొడవునా అప్పుడప్పుడు కె.సి. కాలువ కనిపిస్తుంది. కర్నూలు, కడపల పేర్లు కలిపి పెట్టుకున్న కాలువ అది. తుంగభద్ర మీద సుంకేశుల దగ్గర మొదలై మా నంద్యాల మీదుగా కడప దాకా పోతుంది. 1860లలో మద్రాసు ఇరిగేషన్ కంపెనీ తవ్వించిందని, పొలాలకు నీళ్ళతో పాటు పడవలు కూడా నడపాలని అనుకున్నారని టీచరమ్మ చెప్పింది. కాలువ ఉన్న చోట వరి, పసుపు తోటలు. అది దాటి నాలుగు అడుగులు పక్కకు పోతే ఎర్రటి బీడు. సీమలో నీటి విలువ ఏంటో ఆ బస్సు కిటికీలోంచి చూస్తే చాలు.

కడపకు ముందు చెన్నూరు వస్తుంది. ఆకుతోటల ఊరు. చెన్నూరు తమలపాకు లేతగా, ఘాటుగా ఉంటుందని మా అత్తమ్మ ఎప్పుడూ చెబుతుంటారు. ‘వచ్చేటప్పుడు రెండు కట్టలు పట్టుకురా’ అని ఆవిడ పెట్టిన ఒకే ఒక షరతు. ఆ ఊరి దగ్గరే పెన్న దాటాలి. వెడల్పాటి ఇసుక, ఓ వారగా పారుతున్న నీళ్ళు. వదిన అప్పటిదాకా ఏం మాట్లాడలేదు. పెన్న కనిపించగానే చీర కొంగులోంచి రూపాయి బిళ్ళ తీసి కిటికీలోంచి విసిరి దణ్ణం పెట్టుకుంది. పోనీలే, చెయ్యి కదిలింది అనుకున్నాను.

మగవాళ్ళు ఎవరూ లేరా?

తొమ్మిదిన్నరకు కడపలో దిగి, టిఫిను చేసి, రూము కోసం బయల్దేరాం. మొదట వెళ్ళిన లాడ్జిలో కౌంటరు దగ్గర కుర్రాడు మా నలుగురినీ ఎగాదిగా చూసి, ‘మగవాళ్ళు ఎవరూ లేరా?’ అన్నాడు. లేరని చెబితే, ‘ఫ్యామిలీలకే ఇస్తామమ్మా’ అన్నాడు. టీచరమ్మకు చిర్రెత్తుకొచ్చింది. ‘నాయనా, మేం నలుగురం నాలుగు ఫ్యామిలీలు’ అంది. అయినా వాడు తల అడ్డంగానే ఊపాడు.

వదిన ముఖం చిన్నబోయింది. ‘నేను చెప్పలా, తిరిగి పోదాం పాండి’ అంది. నాకూ ఒక క్షణం అట్లాగే అనిపించింది. ఆధార్ కార్డులు చేతిలో పెట్టుకుని, సంచులు మోసుకుంటూ, మన వయసు ఆడవాళ్ళం ఒక గది కోసం సంజాయిషీ చెప్పుకోవడం ఎంత అవమానంగా ఉంటుందో మీకు చెప్పనక్కర్లేదు. కానీ రెండు వీధులు దాటాక ఇంకో లాడ్జిలో కార్డులు చూసి, సంతకాలు తీసుకుని, ఒక్క మాట అడగకుండా నాలుగు మంచాల గది ఇచ్చారు. పైగా వేడినీళ్ళు ఎప్పుడు వస్తాయో కూడా చెప్పారు. ఊరిని మొదటి కౌంటరుతో కొలవకూడదని తెలిసింది.

దొరగారు పెట్టిన అక్షరాల బడి

స్నానాలు చేసి, ఆటో మాట్లాడుకుని ఎర్రముక్కపల్లెలోని సి.పి. బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రానికి వెళ్ళాం. ఇది టీచరమ్మ కోరిక. నేనైతే ‘లైబ్రరీలో చూసేదేముంది’ అనుకున్నాను. వెళ్ళాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను.

చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ 1798లో కలకత్తాలో పుట్టాడు. కంపెనీ ఉద్యోగిగా 1820లో కడపకు వచ్చి ఇక్కడే తెలుగు నేర్చుకున్నాడు. సొంత డబ్బుతో బంగళా కొని, పండితులను జీతాలిచ్చి పెట్టుకుని, ఊరూరి నుంచి తాటాకుల పుస్తకాలు తెప్పించి, తప్పులు సరిచేయించి, కాగితం మీద రాయించాడు. మన వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చు వేయించింది ఆయనే. 1852లో తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు తెచ్చింది కూడా ఆయనే. ఆయన బంగళా ఉన్న చోటనే ఈ కేంద్రం కట్టారు. దీన్ని నిలబెట్టడానికి జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారు ఎంత కష్టపడ్డారో కడపలో అందరూ చెబుతారు. 1987లో పునాది రాయి వేశారు, 1995లో తలుపులు తెరిచారు. ఇప్పుడు యోగి వేమన విశ్వవిద్యాలయం చూసుకుంటోంది.

తాటాకు పుస్తకాలు చూశాను. ఒక్కో ఆకు మీద ఆవగింజంత అక్షరాలు. టీచరమ్మ వాటి ముందు చాలాసేపు నిలబడింది. ‘ఇన్నేళ్ళు పిల్లలకు వేమన పద్యాలు చెప్పినా. అవి మన దాకా ఎట్లొచ్చినాయో ఒక్క పిల్లోడికి కూడా చెప్పలేదే’ అంది. అన్నట్టు, ఇప్పటిదాకా తెలిసిన వాటిలో పూర్తిగా తెలుగులో ఉన్న తొలి శాసనం దొరికింది కూడా ఈ జిల్లాలోని కలమళ్ళలోనే. ఎర్రగుంట్ల పక్కన ఊరు. అంటే నా వంటింటి బండా, మన తెలుగు అక్షరమూ ఒకే వైపు నుంచి వచ్చాయన్నమాట!

అల్లుడుగారి ఇల్లు

మధ్యాహ్నం గుళ్ళు మూసి ఉంటాయి కాబట్టి భోంచేసి కాస్త నడుం వాల్చాం. ఇంట్లో అయితే ఆ వేళకు అంట్లు తోముతూ ఉంటాను. ఫ్యాను కింద పడుకుని పైకి చూస్తుంటే, ఏదో తప్పు చేస్తున్నట్టు గుండె కొట్టుకుంది. సరిగ్గా అప్పుడే ఫోను. మా ఆయన. ‘జీలకర్ర డబ్బా యాడుంది?’ ‘నీ కళ్ళ ముందర.’ ‘ఆ, ఉంది.’ అంతే. ఇల్లు ఎక్కడికీ పోలేదు. నేను నిద్రపోయాను.

సాయంత్రం దేవుని కడపకు వెళ్ళాం. ఊరిని ఆనుకునే ఉంటుంది. శ్రీ లక్ష్మీ వేంకటేశ్వరస్వామి ఆలయం. తిరుమలకు పోయే యాత్రికులు ముందు ఇక్కడ ఆగి స్వామిని చూసుకుని పోయేవారట. తిరుమలకు ఇది గడప. ఆ గడపే కడప అయ్యిందని అంటారు. తాళ్ళపాక అన్నమయ్య ఈ స్వామి మీద కూడా కీర్తనలు పాడాడు. మాఘమాసంలో రథసప్తమికి ఇక్కడ తేరు లాగుతారు. ఇప్పుడు గుడి తిరుమల తిరుపతి దేవస్థానం చేతిలో ఉంది.

చెప్పులు విడిచి లోపలికి పోబోతుంటే వదిన ఆగిపోయింది. ‘మీరు పోయిరాండి. నేను చెప్పులు చూచ్చాంటా’ అంది. టీచరమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను. వ్రతానికి పిలవని దాన్ని, ఏ ముఖం పెట్టుకుని రమ్మనేది?

ఆపా మాత్రం వెనక్కి వచ్చి ఆమె పక్కనే మెట్టు మీద కూర్చుంది. కూర్చుని వాళ్ళ అవ్వ కథ చెప్పింది. బీబీ నాంచారమ్మను పెళ్ళాడాడు కాబట్టి ఈ స్వామి కడప ముస్లింలకు ఇంటల్లుడు. ఉగాది నాడు తెల్లవారక ముందే స్నానాలు చేసి, ఆడా మగా ఈ గుడి ముందు వరసలో నిలబడతారు. ఇప్పటికీ ప్రతి ఉగాదికీ జరుగుతుంది. ఊరికే రారు. బియ్యం, కందిపప్పు, బెల్లం, చింతపండు, కూరగాయలు తెచ్చి స్వామికి భత్యం ఇస్తారు. ఆడబిడ్డను ఇచ్చిన ఇంటికి ఉత్త చేతులతో పోతారా మరి!

‘మా అవ్వకు ముప్పై ఏండ్లప్పుడే తాత పోయినాడు’ అంది ఆపా. ‘అయినా ఒక్క ఉగాది కూడా తప్పలేదు. నన్ను చంకనేసుకుని బెల్లం మూట పట్టుకుని వచ్చేది. ఎవురన్నా ఏమన్నా అంటే, నా బిడ్డ ఇంటికి నేను పోయేదానికి ఎవుర్ని అడగల్ల అనేది. ఇది నాకు మా అల్లుని ఇల్లు. నా వెంట వచ్చినోళ్ళను ఎవురు ఆపేది? చెప్పులకు కాళ్ళు రావులే, పా వదినా.’

చెయ్యి పట్టుకుని లేవదీసింది. వదిన లేచింది. నలుగురం కలిసే లోపలికి పోయాం. ఎవరూ ఏమీ అనలేదు. అసలు ఎవరూ మమ్మల్ని చూడను కూడా లేదు. ఆమె ఇన్నాళ్ళూ భయపడింది, మేమంతా ఆమె కోసం భయపడ్డామనుకున్నది, ఇంతేనా అనిపించింది. అయ్యవారు అందరికీ ఇచ్చినట్టే ఆమెకూ తీర్థం ఇచ్చి, శఠారి పెట్టారు. వదిన కళ్ళు మూసుకుని చాలాసేపు నిలబడింది. ఏం మొక్కుకుందో మేం అడగలేదు.

అక్కడి నుంచి పెద్ద దర్గాకు వెళ్ళాం. అమీన్ పీర్ దర్గా అని కూడా అంటారు. సంగీత దర్శకుడు ఏ.ఆర్. రెహమాన్ గారు ఇక్కడి గంధం ఉత్సవాలకు వస్తుంటారని మీరు పేపర్లలో చూసే ఉంటారు. అన్ని కులాల వాళ్ళు, మతాల వాళ్ళు వస్తారు. ఇప్పుడు మేం ఆపా వెనక నడిచాం. కొంగు తల మీద కప్పుకోవాలని, ఆడవాళ్ళు ఎక్కడిదాకా పోవచ్చో ఆమే అడిగి చెప్పింది. పూలు, అగరుబత్తులు ఇచ్చి, ఫాతిహా అయ్యేదాకా మౌనంగా నిలబడ్డాం. మెట్ల దగ్గర ఇంకో ముసలావిడ, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని, మనవడి జ్వరం తగ్గాలని తాయెత్తు కట్టిస్తోంది. పొద్దుగూకే వేళ నమాజు పిలుపు వినపడుతుంటే, గాలి కూడా చల్లబడింది.

కారం దోసె

రాత్రి ఏడు రోడ్ల కూడలి దాకా నడుచుకుంటూ వెళ్ళి, వై.వి. స్ట్రీటులో దుకాణాలు చూశాం. చూడటానికి డబ్బులు అక్కర్లేదు కదా! తర్వాత ఒక చిన్న హోటల్లో కారం దోసె తిన్నాం. కడప దాకా పోయి కారం దోసె తినకుండా వస్తే మీ ప్రయాణం లెక్కలోకి రాదు. పెనం మీద దోసె వేసి, ఎర్రకారం పూసి, పైన పప్పుల పొడి చల్లి, నెయ్యి వేసి ఎర్రగా కాలుస్తారు. పక్కన చెనిక్కాయల చట్నీ. మేం నంద్యాల వాళ్ళం బుడ్డలంటాం, కడప వాళ్ళు చెనిక్కాయలంటారు. రుచి మాత్రం ఒకటే.

వదిన మొదటి ముక్క తిని, నీళ్ళు తాగి, ‘ఏడాదిన్నర అయింది ఎర్రకారం తిని’ అంది. ‘ఎందుకు వదినా?’ అన్నాను. ‘ఒక్కదానికి ఏం రుబ్బుకునేది? అన్నంలో ఇంత మజ్జిగ పోసుకుంటే అయిపాయె’ అంది. మామూలుగానే అంది. కానీ ఆ మాట నాకు గొంతులో అడ్డం పడింది. గోడకు అవతల పక్కనే ఉంటాను. రోజూ కుక్కరు విజిల్ కూడా వినపడేంత దగ్గర. ఆమె ఇంట్లో నుంచి పోపు వాసన రావడం మానేసి ఏడాదిన్నర అయిందని నేను గమనించనే లేదు. వదిన ఇంకో దోసె తెప్పించుకుంది.

హోటలు వంటామెను అడిగి తెలుసుకున్న ఎర్రకారం కొలత మీ కోసం. ఎండుమిరపకాయలు 12 గింజలు దులిపి, వేడినీళ్ళలో అరగంట నానబెట్టాలి. పెద్ద ఉల్లిపాయ ఒకటి, వెల్లుల్లి రెబ్బలు 8, ఉప్పు, చింతపండు చిన్న రేకు కలిపి మెత్తగా రుబ్బాలి. రోలు ఉంటే రోట్లోనే రుబ్బండి. నీళ్ళు ఎక్కువ పోయకూడదు, దోసె మెత్తబడిపోతుంది. పప్పుల పొడికి పప్పులు ఒక కప్పు, ఎండుకొబ్బరి కొంచెం, వెల్లుల్లి రెండు రెబ్బలు, ఉప్పు. దోసె ఒక పక్క కాలాక, తిప్పకుండానే కారం పూసి, పొడి చల్లి, నెయ్యి వేసి సన్నసెగ మీద ఉంచండి. ఉల్లిపాయ పచ్చివాసన పోవాలి, అదే గుర్తు.

ఓ అని పలికిన రాముడు

ఆదివారం పొద్దున్నే ఒంటిమిట్ట బస్సెక్కాం. కడప నుంచి తిరుపతి పోయే దారిలో పాతిక కిలోమీటర్లు ఉంటుంది. దూరం నుంచే కోదండరాముడి గోపురం కనిపిస్తుంది. 1652లో ఈ దారిన వచ్చిన ఫ్రెంచి వజ్రాల వ్యాపారి టావెర్నియర్ ఈ గుడిని చూసి గొప్పగా రాసుకున్నాడట. లోపల రంగమండపం స్తంభాల మీద చెక్కిన బొమ్మలు చూస్తూ ఎంతసేపైనా ఉండొచ్చు.

సీతారామలక్ష్మణులను ముగ్గురినీ ఒకే రాతిలో చెక్కారు. అందుకే ఏకశిలానగరం అని పేరు. గర్భగుడిలో హనుమంతుడు ఉండడు. రాముడికి ఆయన ఇంకా పరిచయం కాకముందే వెలసిన గుడి అని చెబుతారు. హనుమంతుడికి ఎదురుగా సంజీవరాయుడిగా వేరే గుడి ఉంది. ఒంటుడు, మిట్టుడు అనే ఇద్దరు దొంగలు మారి ఈ గుడి కట్టించారని, వాళ్ళ పేర్ల మీదే ఊరికి ఆ పేరొచ్చిందని కథ. దొంగలు కట్టిన గుడిలోకి ఎవరైనా రావచ్చు కదా అని టీచరమ్మ నవ్వింది.

అన్ని చోట్లా రాముల వారి కల్యాణం నవమి నాడు పగలు జరుగుతుంది. ఒంటిమిట్టలో మాత్రం నవమి తర్వాత, పున్నమి వేళకు రాత్రిపూట వెన్నెల్లో చేస్తారు. రాష్ట్రం విడిపోయాక 2015 నుంచి ప్రభుత్వ లాంఛనాలతో నవమి ఉత్సవాలు ఇక్కడే జరుగుతున్నాయి. అంతకు ముందు ఈ గుడి బాగోగుల కోసం తపించిన మనిషి వావిలికొలను సుబ్బారావు గారు. ఆంధ్రవాల్మీకి అని పేరు. చేతిలో టెంకాయ చిప్ప పట్టుకుని ఊరూరా తిరిగి భిక్ష అడిగి, ఆ డబ్బుతో గుడిని బాగుచేయించారు. ఇంత పెద్ద గోపురం చూసి, ఆ చిప్పను తలుచుకుంటే ఒళ్ళు జలదరించింది.

ఇక్కడ ఇమాంబేగ్ బావి కూడా ఉంది. నవాబుల కాలంలో ఇమాంబేగ్ అనే అధికారి వచ్చి, ‘మీ రాముడు పిలిస్తే పలుకుతాడా?’ అని అడిగాడట. మనసు పెట్టి పిలిస్తే పలుకుతాడన్నారు. ఆయన మూడుసార్లు పిలిచాడు. లోపలి నుంచి ‘ఓ’ అని వినపడింది. ఆయన భక్తుడైపోయి, గుడికి నీళ్ళ కరువు తీరాలని బావి తవ్వించాడు. సీమలో ఇంతకంటే పెద్ద దానం ఏముంటుంది? ఆపా ఆ బావి దగ్గర నిలబడి మురిసిపోయింది. ‘చూసినారా, పిలిచేది ఎవరైనా పలుకుతాడు’ అంది.

ఆ రోజు గుడిలోకి అందరికంటే ముందు పోయింది వదినే. చెప్పుల మాట ఎత్తనే లేదు.

తిరిగి వచ్చే దారిలో మాధవరంలో దిగాం. మగ్గాల ఊరు. ఇంటింటా మగ్గం చప్పుడు వినిపిస్తుంది. నేయడం చూశాక చీర బేరం ఆడబుద్ధి కాదు. అయినా కాస్త ఆడాం అనుకోండి! ఆపా కూతురికి, నేను మా అత్తమ్మకు తీసుకున్నాం. వదిన లేత నీలం చీర చేతిలోకి తీసుకుని, పెట్టి, మళ్ళీ తీసుకుని, చివరకు కొనుక్కుంది.

మీరూ వెళ్ళాలనుకుంటే

నలుగురం తలా 1,500 రూపాయలు వేసుకున్నాం. చీరలు కాక రూము, ఆటోలు, తిండి అన్నీ అందులోనే అయ్యి, ఇంకా కొంచెం మిగిలింది. డబ్బు ఒకరి దగ్గరే పెట్టి, ఆ పూటకాపూట లెక్క రాసుకోండి. రూము ముందే ఫోను చేసి మాట్లాడుకోండి. ఆడవాళ్ళమే వస్తున్నామని ముందే చెప్పండి. అసలు ఆధార్ కార్డు మరిచిపోవద్దు, బస్సులోనూ రూములోనూ అదే కావాలి. ఉచితం అన్ని బస్సుల్లో లేదు, ఎక్కే ముందు కండక్టరును అడగండి. మధ్యాహ్నం గుళ్ళు మూస్తారు, బ్రౌన్ లైబ్రరీ సెలవు రోజులు కనుక్కుని పోండి. ఏప్రిల్, మే నెలల్లో మాత్రం వద్దు. కడప ఎండ సంగతి సీమ వాళ్ళకు కూడా భయమే. ఇంకో రోజు దొరికితే పెన్న ఒడ్డున పుష్పగిరి, జమ్మలమడుగు దగ్గర గండికోట కూడా చూడొచ్చు. మాకు తీరిక లేదు, ఇంకోసారికి దాచుకున్నాం.

మళ్ళీ ఇంటి గడపలోకి

ఆదివారం రాత్రి ఎనిమిదింటికి ఇల్లు చేరాను. వంటిల్లు నేను భయపడినంత ఘోరంగా లేదు. కడప బండ మీద మాత్రం పులుసు ఒలికి ఒక తెల్లటి మచ్చ. తుడవడం మర్చిపోయారు! పోనీలెండి, నేను లేని రెండు రోజులకు గుర్తుగా ఉండనీ అనుకున్నాను.

వదిన తాళంచెవి తీసుకుని తన గుమ్మం వైపు పోతుంటే పిలిచాను. ‘ఒక్క నిమిషం లోపలికి రా వదినా.’ కడప మార్కెట్లో కొన్న చెన్నూరు ఆకుల కట్ట విప్పి, రెండు ఆకులు, వక్క, రెండు అరటిపండ్లు, రవిక గుడ్డ పళ్ళెంలో పెట్టాను. పసుపు, కుంకుమ భరిణెలు కూడా పక్కనే పెట్టాను. మా అత్తమ్మ కుర్చీలో కూర్చుని చూస్తున్నారు. ఏమంటారో అని నా గుండె దడదడ.

వదిన పసుపు తీసుకుంది. కుంకుమ భరిణె చూసి చిన్నగా నవ్వి మూత పెట్టింది. అది ఆమె ఇష్టం. నా పని పళ్ళెం పెట్టడం వరకే. తాంబూలం కొంగులో పట్టుకుని, మా అత్తమ్మ కాళ్ళకు దండం పెట్టింది. అత్తమ్మ ఆమె తల మీద చెయ్యి వేసి, ‘నువ్వు పాట పాడక మా ఇంట్లో పేరంటం చప్పగా ఉందే’ అన్నారు. ఇన్నాళ్ళూ నేను అత్తమ్మ ఏమంటారోనని, అత్తమ్మ నేనేమనుకుంటానోనని ఊరుకున్నామన్నమాట!

వచ్చే శ్రావణంలో వరలక్ష్మీ వ్రతానికి నా మొదటి పిలుపు పక్కింటికే. మీ పక్కింట్లో కూడా ఇట్లాంటి వదినో, అక్కో, పిన్నమ్మో ఉంటే, కడప దాకా పోయేదాకా ఆగకండి. రేపు పొద్దున్నే వెళ్ళి పిలవండి.

మొన్న ఆదివారం గోడ అవతల నుంచి రోలు చప్పుడు వినిపించింది. కాసేపటికి మా ఇంటికి ఒక స్టీలు గిన్నె వచ్చింది, నిండా ఎర్రకారం. దోసె పిండి మాత్రం నాదే!